చేపల కాటా మీద అల్లుడు

ఏలూరు సుకుమార్ బక్కపలచని మనిషి. అది దేవుడిచ్చిన ఒళ్లు కాదండోయ్, కడుపు మాడ్చుకుని సంపాదించుకున్నది. హైదరాబాద్ గుర్రప్పందేల్లో జాకీ మరి! ఇన్నేళ్లూ ఈసురోమనే గుర్రాలతో నెట్టుకొచ్చినవాడికి ఈ ఆదివారం తొలిసారి ఓ మేలైన గుర్రం దక్కింది. షరతొక్కటే, ఒంటి బరువు యాభై మూడు కిలోలు దాటకూడదు. దాటిందా, ఆ గుర్రాన్ని ఇంకొకడు ఎక్కుతాడు.

సరిగ్గా ఆ వారమే బావమరిది నిశ్చితార్థమని గుండుగొలనులో అత్తారింటికి రావాల్సొచ్చింది. అత్తగారు లక్ష్మీకాంతానిది వడ్డించే చెయ్యి. అల్లుడు ఒంట్లో నీరంతా చెమటై కారిపోవాలని మిట్టమధ్యాహ్నం రైన్‌కోటు తొడుక్కుని చేపల చెరువు గట్టు మీద పరుగెత్తడం, కాళ్లు వణికేదాకా పీట మీద గుర్రమెక్కినట్టు వంగి నిలబడటం చూసి ఆవిడ గుండె తరుక్కుపోయింది.

"వాన లేదు, గీన లేదు, ఆ కోటేంటి బాబూ? రెండు బొబ్బట్లు తినండి."

"వద్దండీ అత్తయ్యగారూ, బరువు పెరిగిపోతానండీ."

"అదేదో తూచుకునే తినండి. మీ మావయ్యగారి చెరువు దగ్గర కాటా ఉందిగా!"

మామగారు సత్తిరాజు మీసాల చాటున నవ్వుకున్నాడు. చేపలు తూచే ఆ కాటా ఎక్కితే సుకుమార్ యాభై ఒకటిన్నరే తూగాడు. ఇంకేముంది! కొర్రమీను పులుసు, నేతి బొబ్బట్లు. మర్నాడు ఎక్కితే యాభై రెండు. తన ఒళ్లు బంగారమని మురిసిపోయి గడ్డపెరుగు కూడా వదల్లేదు.

శుక్రవారం పొద్దున భార్య ఉషశ్రీ సరదాగా కాటా ఎక్కింది.

"ఏవండీ, నేను రెండు కిలోలు తగ్గానండోయ్!"

తనతో పోటీపడి తిన్న మనిషి తగ్గడమేంటి? సుకుమార్ ఇంట్లోకి పరుగెత్తాడు. ఇంట్లోంచి మూతి విప్పని ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా మోసుకొచ్చి కాటా మీద పడేశాడు. ఇరవై నాలుగే చూపించింది.

"మావయ్యగారూ, ఇదేంటండీ?"

సత్తిరాజు తల గోక్కున్నాడు. "చేపలు కొనేవాళ్లు పెట్టించిన కాటా బాబూ. తక్కువే చూపిస్తుంది. మేం ధరలో సర్దుకుంటాం. ఊరందరికీ తెలుసు. మీ అత్తయ్యగారికీ తెలుసు."

లక్ష్మీకాంతం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీరు కడుపునిండా తింటుంటే చూడాలనిపించింది బాబూ. గుర్రం పోతుందనుకోలేదు." నిజంగానే ఏడ్చేసింది. సుకుమార్‌కి ఒళ్లు మండిపోయింది గానీ, అత్తగారిని తిట్టే నోరా అది?

ఆ మధ్యాహ్నమే అల్లుణ్ని తాడేపల్లిగూడెంలో తెలిసినవాళ్ల రైస్ మిల్లుకి తీసుకెళ్లి, బాయిలర్ పక్కన రైన్‌కోటుతో సహా కూర్చోబెట్టారు. సుకుమార్ ఉప్పుడు బియ్యంలా ఉడికాడు. నాలుక తడుపుకునేందుకు తప్ప చుక్క నీళ్లు అందనివ్వకుండా కాపలా కాసింది ఎవరనుకున్నారు? లక్ష్మీకాంతమే! పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఇంత కష్టమైన పని చెయ్యలేదు.

రైలెక్కేటప్పుడు చేతిలో టిఫిన్ క్యారేజీ పెట్టింది.

"పై గిన్నెలో కీరదోస ముక్కలు బాబూ. కింది గిన్నెలో కజ్జికాయలు. అది మాత్రం గెలిచాకే తెరవండి."

ఆదివారం సాయంత్రం ఫోనొచ్చింది.

"తూకం సరిపోయిందండీ అత్తయ్యగారూ, గుర్రం ఎక్కనిచ్చారు. కానీ గుర్రం తలకాయంత తేడాతో రెండో స్థానమండీ."

సుకుమార్ ఒళ్లో ఆ కింది గిన్నె ఇంకా మూతతోనే ఉంది.

"అయితే సగం తినండి బాబూ."