పాత జూమ్ లెన్సు కోసం కోడూరు వెళ్ళిన రోజు

గుడివాడలో మా ఇంటి వెనక కరెంటు తీగ మీద రోజూ పొద్దున్నే ఒక లకుముకి పిట్ట వచ్చి వాలుతుంది. కెమెరాతో పాటు వచ్చిన చిన్న లెన్సుతో ఎంత ఓపికగా తీసినా అది తీగకు పడిన ముడిలాగే వస్తుంది. ఒకరోజు ఆ ఫోటో గొప్పగా చూపిస్తే, మా ల్యాబ్‌లో నాతో పనిచేసే అమ్మాయి "తీగ బాగా వచ్చింది మేడమ్" అంది. ఒళ్ళు మండింది. దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగే జూమ్ లెన్సు కొనాల్సిందేనని ఆ పూటే తీర్మానించుకున్నాను. కొత్తది ఇరవై వేలు దాటుతోంది. ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, నా కెమెరాయే సెకండ్ హ్యాండ్. అందుకని దారి ఖర్చులతో సహా పదివేలు అనుకుని, రెండో శనివారం నాడు బందరు బయల్దేరాను. నాలాగే మొదటి కెమెరాకి పాత లెన్సు వెతుక్కుంటూ ఈ వైపు వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అయితే ఇందులో లెన్సు సంగతి సగమే.

ఆరున్నరకి గుడివాడలో బస్సెక్కితే పెడన మీదుగా ఎనిమిది లోపే బందరులో దిగాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్టు, మగవాళ్ళకి అరవై రూపాయల దాకా అవుతుంది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, పదింటి వరకూ తెరవని షాపు ముందు తొమ్మిదింటి నుంచే కాపలా కాశాను. కెమెరాలు రిపేరు చేసే పెద్దాయన నా ఆత్రం చూసి తాళం తీస్తూనే నవ్వాడు. ఆయన దగ్గర రెండు లెన్సులున్నాయి. మొదటిదాని వెనకనుంచి ఫోన్ లైటు వేసి చూస్తే గాజు లోపల సాలెగూడులా తెల్లటి పోగులు పాకి ఉన్నాయి. "ఫంగస్సమ్మా. ఇది బందరు గాలి, ఉప్పూ చెమ్మా రెండూ ఉంటాయి. అద్దాలు ఊరుకుంటాయా?" అన్నాడు. రెండోది శుభ్రంగా ఉంది, ధర కూడా ఐదు వేలే. కానీ లోపల మోటారు లేదు. మనలాంటివాళ్ళ మొదటి మెట్టు కెమెరాలకి అలాంటిది తగిలిస్తే ఫోకస్ దానంతట అది కుదరదు, చేత్తో తిప్పుకోవాలి. ఎగిరే పిట్టతో అది అయ్యే పని కాదు. ఫంగస్సూ మోటారూ, ఈ రెండూ చూడకుండా మాత్రం ఎవరూ డబ్బులు బయటికి తియ్యకండి.

నా మొహం చూసి జాలేసిందేమో, ఆయన ఒక నంబరు రాసిచ్చాడు. "కోడూరు అవతల ప్రభాకర్ అని, స్టూడియో ఆయన. యాభై అయిదు నుంచి రెండొందల యాభై దాకా లాగే జూమ్ లెన్సు. నేనే ఒకసారి సర్వీసు చేశాను, వస్తువు బంగారం. కాకపోతే నేను పంపినవాళ్ళు ఇద్దరు వెళ్ళి, ఇద్దరూ కొనకుండా వచ్చేశారు."

"ఎందుకని?"

"అడిగాను. ఇద్దరూ మాట మార్చేశారమ్మా."

అప్పుడే తిరిగి ఇంటికి వచ్చేసి ఉండాల్సింది. కానీ కొనాలనుకున్న వస్తువు దొరక్కపోతే నాకు బుర్ర పనిచెయ్యదు. పదీ పదిహేనుకి అవనిగడ్డ బస్సు పట్టుకుని, చల్లపల్లి మీదుగా పదకొండున్నరకి దిగాను. అక్కణ్ణించి రానూ పోనూ, వెయిటింగుతో కలిపి ఐదొందలకి ఆటో మాట్లాడుకున్నాను. నడిపేది నాగరాజు గారు, యాభై దాటిన మనిషి. దారి పొడుగునా రొయ్యల చెరువుల రేట్లు చెబుతూనే ఉన్నాడు. ప్రభాకర్ పేరు చెప్పేసరికి మాత్రం ఆ లెక్క ఆపేసి, "ఫోటోల ప్రభాకరా? ఎనిమిది నెలలుగా కెమెరా ముట్టుకోవట్లేదండి ఆయన" అన్నాడు. ఆ తర్వాత ఊరొచ్చేదాకా రొయ్యల మాట కూడా ఎత్తలేదు.

స్టూడియో బోర్డుకి దుప్పటి కట్టేసి ఉంది. వెనకాలే ఇల్లు. వరండాలో ప్రభాకర్ గారి భార్య రత్నకుమారి మిషను మీద జాకెట్టు కుడుతోంది. నేను లెన్సు కోసం వచ్చానని చెప్పగానే లేచి, లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మీరు ఎంతంటే అంతకే ఇస్తానమ్మా. అది ఈ గడప దాటితేగానీ ఆయన మళ్ళీ పని మొదలుపెట్టరు. నా కుట్టుపనితో ఇల్లెంతకాలం గడుస్తుంది?" అంటూనే వంటగది మూల ఉన్న బియ్యం డ్రమ్ము మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి గుడ్డమూట ఒకటి పైకి లాగింది. చెమ్మ పట్టకుండా లెన్సుని బియ్యంలో దాచడం ఈ తీరంలో మామూలే. నీళ్ళల్లో పడిన ఫోన్లని కూడా బియ్యంలోనే పెడతాం. తవుడు మరకలున్న ఆ మూట విప్పితే, వెనక మూత లేకపోయినా లెన్సు నిజంగానే కొత్తదానిలా ఉంది. ఫంగస్ లేదు, మోటారు ఉంది, రింగు వెన్నలా తిరుగుతోంది. ఎనిమిది వేలన్నాను, సరేనంది.

దూరంగా ఏదన్నా తీసి చూసి వస్తానని లేచాను. అప్పటిదాకా లోపలి మంచం మీద అటు తిరిగి కూర్చున్న ప్రభాకర్ గారు అక్కణ్ణించే మాట్లాడారు.

"చూసుకోండమ్మా. దాంట్లో ఎవరన్నా కనిపిస్తే మాత్రం వచ్చి నాకు చెప్పకండి."

రత్నకుమారి తల దించేసుకుంది. నేను కెమెరా పట్టుకుని ఆటో వైపు నడిచాను.

ఊరు దాటి కిలోమీటరు వెళ్తే చెరువు గట్టు. దాని చివర మడ చెట్ల వరస, ఆ వెనక సముద్రం ఉందని చెప్పే తెల్లటి వెలుతురు. పన్నెండున్నర ఎండ. గాలి కూడా లేదు, చెరువు నీళ్ళని చిలికే ఏరేటర్లు ఆపేసి ఉన్నాయి. నాగరాజు గారు ఆటో నీడలో నిలబడ్డాడు. లెన్సు తగిలించి, చివరిదాకా జూమ్ చేసి కన్ను ఆనించాను.

గట్టు చివర ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

మసకగా, నల్లగా, మావైపే తిరిగి ఉన్నట్టున్నాడు. చెరువు కాపలా మనిషేమో అనుకుని కెమెరా దించి చూశాను. గట్టు ఖాళీ. మళ్ళీ కన్ను ఆనించాను, ఉన్నాడు. ఒక ఫోటో తీసి తెర మీద చూసుకుంటే గట్టూ మడ చెట్లూ వచ్చాయి, మనిషి లేడు. మూడోసారి చూసేసరికి చోటు మారాడు, ఇంకొంచెం కిందికి, అంటే నావైపుకి. ఇంకో ఫోటో తీశాను. మళ్ళీ దగ్గరికి వచ్చాడు. నేను నొక్కిన ప్రతిసారీ ఒక అడుగు వేస్తున్నాడు.

"నాగరాజు గారూ, ఆ చివర ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ."

కెమెరా ఆయనకిచ్చాను. చూశాడు. నా చేతికిచ్చేసి, వెళ్ళి ఆటో స్టార్ట్ చేశాడు. "ఇంక చాలండి, ఎక్కండి మేడమ్" అన్నాడు.

మొండితనమో బుద్ధిలేనితనమో, నేను ఎక్కలేదు. కెమెరాని చెరువు మీదికి తిప్పాను. నీళ్ళ మీద నిలబడి ఉన్నాడు. ఆటో వైపు తిప్పితే నాగరాజు గారి పక్కనే ఉన్నాడు. పైకెత్తితే, ఒక్క మబ్బు లేని ఆకాశంలో కూడా అలాగే నిలబడి ఉన్నాడు. ఆ లెన్సు పీకేసి, సంచిలో ఉన్న నా చిన్న లెన్సు తగిలించి చూశాను. అందులోనూ ఉన్నాడు. లెన్సు కొనకముందే అతను నా కెమెరాలోకి వచ్చేశాడు. నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. అయినా ఆ క్షణంలో నమ్మానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

తిరిగి ఇంటికి వెళ్ళేసరికి ప్రభాకర్ గారు వరండాలోకి వచ్చి కూర్చున్నారు. చెప్పొద్దన్న మనిషే నా మొహం చూసి, "కనిపించాడా?" అని అడిగారు. నేను తలూపాను. ఆయన గోడకి చేరగిలబడి నెమ్మదిగా చెప్పుకొచ్చారు.

"వాడు మా తమ్ముడు సుధీర్ అండీ. నా దగ్గరే అసిస్టెంటు. సముద్రం దగ్గర పెళ్ళి జంటకి ఫోటోలు తియ్యాలి. వాళ్ళు రెడీ అయ్యేలోపు ఫ్రేము చూసుకుందామని వీణ్ణి నిలబెట్టాను. ఈ లెన్సుకి మనిషి దూరంగా ఉంటేనే అందం. వెనక్కి జరగరా అన్నాను, ఇంకొంచెం అన్నాను. ఫోన్లో చెబుతున్నాను, వాడు నీళ్ళలోకి జరుగుతున్నాడు. నది వచ్చి కలిసే చోటు, అడుగు ఎక్కడ తెగుతుందో తెలీదు. లెన్సులో వాడి మొహం ఇదిగో, మీరు కూర్చున్నంత దగ్గరగా ఉందండీ. కాలు జారినప్పుడు నేను పరిగెత్తలేదు. చెయ్యి చాపాను." ఆయన కుడిచెయ్యి ఆ మాటతోపాటే ముందుకి వచ్చి, గాలిలో ఆగిపోయింది. "పట్టుకుందామని చెయ్యి చాపానండీ. వాడు మూడొందల అడుగుల అవతల ఉన్నాడు."

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు ఆయన లెన్సు డ్రమ్ములోంచి తీసి తగిలించారట. అందులో తమ్ముడు నిలబడి ఉన్నాడట. ఇంకో రెండుసార్లు ధైర్యం చేసి చూస్తే ప్రతిసారీ దగ్గరికి వచ్చాడట. నీళ్ళలోకి పంపిన అన్నని వెతుక్కుంటూ వస్తున్నాడని ఆయనకి అర్థమైంది. అంతే, కెమెరా బీరువాలో పెట్టేశారు.

నేను విన్నంతసేపూ ఏం చెయ్యాలో తెలీక, ఒళ్ళో ఉన్న కెమెరాకి లెన్సు తీస్తూ పెడుతూ ఉన్నాను. ఒకసారి తీసినప్పుడు వరండా వెలుతురు తిన్నగా కెమెరా లోపలి అద్దం మీద పడింది. అద్దం మీద ఏదో కదిలింది. ముక్కుపురుగు. బియ్యంలో పట్టే నల్లపురుగే, సన్నటి కాళ్ళతో అద్దం పైఅంచు పట్టుకుని నిలబడి ఉంది.

పదహారేళ్ళుగా మైక్రోస్కోపులో కన్ను పెట్టి బతుకుతున్నదాన్ని. స్లైడు జరిపినా కదలని మచ్చ స్లైడు మీదిది కాదని, మైక్రోస్కోపులోదేనని కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెబుతాను. చెరువు దగ్గర ఆ పాఠమే మర్చిపోయాను. మనం కంటితో చూసేది ఆ అద్దంలోంచి, ఫోటో పడేటప్పుడు అద్దం పైకి లేస్తుంది. అందుకే మనిషి ఫోటోలో లేడు. నొక్కిన ప్రతిసారీ ఆ కుదుపుకి పురుగు జారింది, అందుకే నడిచాడు. సుధీర్ పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో పాత బియ్యం ఎండబెట్టిన నాథుడు లేడు. మూత లేని లెన్సు వెనక భాగం పురుగులకి ఇల్లయింది, తగిలించినప్పుడల్లా ఒకటో రెండో కెమెరాలోకి దిగాయి.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. దుమ్ము దులిపే రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, పురుగుని తెల్లటి గచ్చు మీద పడేసి, "చూడండి! ఇదేనండీ మీ మనిషి!" అన్నాను. ఎలా జరిగిందో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. రత్నకుమారి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని "దేవా, దేవా" అంది. ప్రభాకర్ గారు వంగి పురుగుని చూశారు. లోపలికి వెళ్ళి బీరువాలోంచి తన కెమెరా తెచ్చుకున్నారు. నా బుడ్డితో దాన్నీ లెన్సునీ శుభ్రంగా ఊది, లెన్సు తగిలించి, గడపలో నిలబడి రోడ్డు మీదికి చూశారు.

చాలాసేపు చూశారు. జూమ్ రింగు ఈ చివరిదాకా తిప్పారు, మళ్ళీ ఆ చివరిదాకా తిప్పారు. ఎడమ వైపు వెతికారు, కుడి వైపు వెతికారు.

"లేడు కదండీ?" అంది రత్నకుమారి ఆశగా.

"లేడు" అన్నారు. అయినా కన్ను తియ్యలేదు. వేళ్ళు రింగుని తిప్పుతూనే ఉన్నాయి. "అయితే వాడు ఒక్కసారి కూడా రాలేదన్నమాట" అన్నారు. లెన్సు ఊడదీసి, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, "తీసుకెళ్ళండమ్మా. దీంట్లో ఎవరూ లేరు" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఎనిమిది వేలు రత్నకుమారి చేతిలో పెట్టి, మూడింటికి అవనిగడ్డలో బస్సెక్కి, బందరు మీదుగా ఆరున్నరకి ఇల్లు చేరాను. ల్యాబులో రిపోర్టు నెగెటివ్ అని ఇస్తే అందరూ దండం పెట్టి వెళ్తారు. ఇచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చిన రిపోర్టు ఇదొక్కటే. భయంగానైనా ఆయనకి తమ్ముడు మిగిలి ఉన్నాడు, నేను వెళ్ళి పురుగని తేల్చి వచ్చాను. చెప్పకుండా ఉండాల్సిందా అని పదిరోజులు నలిగిపోయాను. పదకొండో రోజు రత్నకుమారి ఫోన్ చేసింది. బోర్డు మీది దుప్పటి తీసేశారట, ఒక నిశ్చితార్థం ఒప్పుకున్నారట, చిన్న లెన్సుతోనే. "కానీ ఎవర్నీ వెనక్కి జరగమనట్లేదమ్మా. అందర్నీ ఉన్నచోటే ఉండమని, తనే వెనక్కి వెనక్కి నడుస్తున్నారు" అంది. మరి పడిపోరా అని అడిగాను. "నేను వెనకాలే ఉంటున్నానండీ, చొక్కా పట్టుకుని" అంది.

లకుముకి పిట్ట ఇప్పుడు ఈక ఈకా కనిపించేలా వస్తోంది. వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. పెద్ద లెన్సుతో నీళ్ళ దగ్గర మనిషిని తీసేటప్పుడు, ప్రతి ఫోటోకి ముందు కెమెరా దించి ఒకసారి ఉత్త కంటితో చూడండి. ఆ మనిషి నిజంగా ఎంత దూరంలో ఉన్నాడో లెన్సులోంచి తెలియదు.