ఏటా చచ్చే గుర్రం

మా నెవాడాలో జనవరి చివర, ఆవులు ఈనడం మొదలవకముందు, పశువుల కాపర్ల కవిసమ్మేళనం జరుగుతుంది. మా పొరుగు పశువుల రాంచ్ ఆసామి ఆర్విల్ టగ్గర్ట్ దానికి ఆస్థానకవి. మంచుతుఫానులో తన ప్రాణం కాపాడి, తన ఒళ్లోనే కన్నుమూసిన గుర్రం జూనిపర్ మీద ఏటా అదే పద్యం చదువుతాడు. ఏటా అదే పాదం దగ్గర గొంతు పూడుకుపోతుంది. పట్నం నుంచి వచ్చినవాళ్లు ముక్కులు చీదుతారు.

జూనిపర్ చావనేలేదు. కాలు కుంటుతోందని ఆర్విల్ దాన్ని కబేళా లారీ ఎక్కిస్తుంటే నేను అడ్డుపడి తెచ్చుకున్నాను. ఆ కుంటు ఎప్పుడో పోయింది.

ఈసారి దానిమీదే వెళ్లి, హాలు గుమ్మం ముందు కట్టేశాను. పద్యం అయ్యాక ఆర్విల్ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, దాని మెడ నిమిరాడు. జబ్బ మీద తను కాల్చి వేసిన టగ్గర్ట్ ముద్ర అరచెయ్యంత ఉంది. గుర్రం మాత్రం అతన్ని గుర్తుపట్టి కోపంగా చెవులు వెనక్కి పెట్టింది.

"భలే ఉందిరా వేడ్! ఎక్కడ పట్టావ్?"

"నీ ఒళ్లో చచ్చింది కదన్నా, అక్కణ్ణించే లేపుకొచ్చా."