విందు తర్వాత అడిగిన ప్రశ్న

లోసేకి పొద్దుటి నుంచీ ఒళ్లు మండిపోతూనే ఉంది. హాపై దీవిలో దూరవిద్య కేంద్రాన్ని చూసుకునేది ఆమే. పంతులమ్మ శిక్షణకు చదువుకుంటున్నదీ అక్కడే. నెలకోసారి పడవలో వచ్చి లెక్కలు చెప్పే మాస్టారు ఇంకా అవసరమా, కంప్యూటర్ పాఠాలు చాలవా అని తేల్చడానికి రాజధాని నుంచి సేమిసి అనే పరిశోధకుడు వచ్చాడు. మాస్టారు రాకపోతే తన చదువు అటకెక్కినట్టే.

అతిథిని ఊరు ఊరికే వదులుతుందా? చర్చి హాల్లో చాపలు పరిచి, నేలపొయ్యిలో కాల్చిన పందిపిల్లనూ, కొబ్బరిపాలతో ఉడికిన చేమాకు పొట్లాలనూ ముందు పెట్టారు. ఆయన కడుపారా తిని, అక్కడే, పాస్టరుగారి ఎదుటే, కంప్యూటర్ పాఠాలు ఎలా ఉన్నాయని అడిగే ప్రశ్నల కాగితాలు పంచాడు. లోసే తప్ప కేంద్రంలో చదువుతున్నవాళ్లందరూ "చాలా బాగుంది" అన్నచోటే గీత పెట్టారు.

తనతోపాటే చదువుతున్న వాయోలా చెవిలో లోసే బుసకొట్టింది. "నిన్నేగా పాఠం మధ్యలో ఆగిపోయిందని కంప్యూటర్‌ని తిట్టిపోశావు?"

"ఆయన చేతికి మన పంది కొవ్వు ఇంకా ఆరలేదే! అప్పుడే ఏడుపు మొదలెట్టమంటావా? సిగ్గుండాలి."

లోసే లేచింది. "సార్, నాకు ఈ కంప్యూటర్ చదువు బాగాలేదు. సిగ్నల్ అందక మానేసినవాళ్లు ఇక్కడున్నవాళ్లకంటే ఎక్కువమంది ఉన్నారు. వాళ్లనీ అడగండి."

పాస్టరుగారి భార్య కళ్లురిమింది. సేమిసి మాత్రం నవ్వాడు. "మానేసినవాళ్లు మా పరిశోధనలోకి రారమ్మా. నువ్వొక్కదానివే బాగాలేదన్నావు. సగటులో కలిసిపోతుందిలే."

వంటసాలలోంచి కాలో వదినను చెయ్యి పట్టి లాక్కొచ్చింది లోసే. సిగ్నల్ అందక చదువు మానేసిన రోజున కాలో ఎంత ఏడ్చిందో లోసేకి తెలుసు.

"ఎందుకు మానేశావో చెప్పు వదినా!"

కాలో తల వంచుకుంది. మిగిలిన పొట్లాలు సర్దిన కొబ్బరాకు బుట్టను ఆయన ముందుకు జరిపింది. "దారిలో తినండి బాబూ. మాకేం లోటు? అంతా బాగానే ఉంది."

"చూశావా?" అన్నాడు సేమిసి, కాగితాలు సంచిలో దోపుకుంటూ.

లోసేకి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. పడవ కూత వేసింది. అతిథి చేత బరువు మోయించడం ఊరంతటికీ అప్రదిష్ట. పళ్లు కొరుక్కుంటూ ఆ బుట్టను రేవు దాకా లోసేనే మోసింది.