మల్లేశం చల్లార్చిన పలకలు

2005లో నేను పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక కలప కర్మాగారంలో సూపర్‌వైజర్‌ని. అప్పటిదాకా తలుపులకు, కిటికీలకు కలప ఆరబెట్టి ఇచ్చేవాళ్లం. ఆ ఏడాది కొత్తగా హీట్ ట్రీటెడ్ వుడ్ మొదలుపెట్టాం.

పని వినడానికి తేలిక. పైన్ పలకలను ఇనుప ఛాంబర్‌లో పేర్చి, తలుపు బిగించి, రెండు వందల డిగ్రీల దాకా వేడి చేస్తాం. లోపల ఆవిరి నింపుతాం కాబట్టి కలప అంటుకోదు. రసాయనమేదీ లేకుండానే పలక కాఫీ రంగుకు తిరుగుతుంది, నీటిని అంతగా పీల్చదు, ఎండకూ వానకూ వంకర్లు పోదు. అందుకే ఆరుబయట నేలమీద పరిచే డెక్‌కీ, గోడల బయటివైపు బిగించే సైడింగ్‌కీ వాడతారు. కష్టమంతా చల్లార్చడంలో ఉంది. ఛాంబర్‌కు వేడి చూపే మీటర్లు రెండు. ఒకటి పలకల చుట్టూ ఉన్న ఆవిరి వేడి చెబుతుంది. రెండోది పలక మధ్యలోకి దింపిన ప్రోబ్, అంటే కలప కడుపులోని వేడి చెప్పేది. ఆవిరి త్వరగా చల్లబడుతుంది. కలప అంత త్వరగా చల్లబడదు; కడుపులో వేడి ఉండగా తలుపు తెరిస్తే చల్లగాలికి లోపల బీటలు పడతాయి.

ఆ రెండో మీటరును మల్లేశం నమ్మినంతగా మేమెవరమూ నమ్మలేదు. పోతిరెడ్డిపల్లి మనిషి, యాభై దాటినవాడు. ఎన్నో ఏళ్లు బాయిలర్ల దగ్గర చేసి మా ఛాంబర్‌కు ఆపరేటర్‌గా వచ్చాడు. ఆవిరి గొట్టం పక్కన నిలబడి వాసన పట్టేవాడు. మొదట పులిసిన వాసన, తర్వాత మాడిన బెల్లం వాసన. "ఇగ అందుకుంది సార్" అనేవాడు. చూస్తే మీటరు రెండు వందల దగ్గర ఉండేది. బయటికి తీసిన ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి వినేవాడు.

మా మొదటి పెద్ద ఆర్డరు కంది ఊరి దగ్గర ఒక అతిథిగృహంలో, ఈతకొలను చుట్టూ డెక్. ఆ లోడు ఛాంబర్‌లో ఉండగా ఆయుధపూజ వచ్చింది. యంత్రాలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాలి. మా యజమానిని సేట్ అనేవాళ్లం. కొత్త ఛాంబర్ తలుపు బార్లా తెరిచి ఆయన చేత లోపల హారతి ఇప్పించాలని నా ఆశ. ముందురోజు సాయంత్రానికి మొదటి మీటరు డెబ్బైకి దిగింది.

"తెరువు మల్లేశం" అన్నాను.

"జెర ఆగుర్రి సార్. రెండో దాన్ల నూట ఇరవై ఉంది. పైన సల్లగయింది గని కడుపుల జొరం అట్లనే ఉంది."

"పొద్దున్నే పూజయ్యా. సేట్ వస్తారు."

"బయటినుంచే చేస్కోండ్రి. తలుపు తెర్వకుంటే దేవుడు అలుగుతడా ఏంది?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అతణ్ని తప్పుకోమని, బోల్టులు నేనే విప్పాను.

పూజ ఘనంగా జరిగింది. పలకల మీద పైకి ఒక్క గీత లేదు. మల్లేశం తట్టి చూసి, "బోలుగ పలుకుతున్నయ్ సార్, పంపకుర్రి" అన్నాడు. పంపించాను.

నెల తిరక్కుండానే, డెక్ మీద బరువు పడిన చోటల్లా పలకలు విరిగాయి. కోసి చూస్తే లోపలంతా బీటలు. సేట్ ఛాంబర్ రిజిస్టర్ తెమ్మన్నారు. తలుపు తెరిచిన సాయంత్రం ఆపరేటర్ రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. తీసుకెళ్లే ముందు నా చేత్తో నింపాను: "ఆపరేటర్ తొందరపడి తలుపు తెరిచాడు." మల్లేశాన్ని ఛాంబర్ నుంచి తీసేసి యార్డులో లోడింగుకు వేశారు.

పాడైన వాటికి బదులు మళ్లీ లోడు చేయాల్సి వచ్చింది. కొత్త ఆపరేటర్‌కు చేయి తిరగలేదు. మల్లేశం తన యార్డు పని ముగించుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. "గా మీటర్ ఇడిసిపెట్టు తమ్మీ, గిది సూడు. జల్దీ చేస్తే కట్టె పగ పడతది" అంటూ కలప చల్లబడేదాకా తలుపు మీద చెయ్యి వేయనివ్వలేదు. తనను తీసేసిన పని దగ్గర అంత ఓపికగా నిలబడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. పదేళ్ల తర్వాత కంది వెళ్లినప్పుడు ఆ కొత్త పలకలతో వేసిన డెక్ చూశాను. ఎండకు బూడిద రంగుకు తిరిగింది తప్ప ఒక్క పలకా పైకి లేవలేదు. అప్పట్లో ఆ పనికి మెప్పు నాకు వచ్చింది. మేనేజర్‌నయ్యాను.

మల్లేశం పని మానుకున్న రోజు గేటు దగ్గర అడిగాను. "తలుపు తెరిచింది నేనని సేట్‌కు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన సార్. రిజిస్టర్ల గట్ల లేదన్నడు."

టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. సేట్ గది అక్కడికి నాలుగడుగులు. నేను వెళ్లలేదు.

ఆ కర్మాగారం మూతపడింది, దిద్దడానికి రిజిస్టర్ కూడా మిగల్లేదు. తర్వాత నేను పనిచేసిన ప్రతిచోటా ఆపరేటర్ గడి ఆపరేటరే నింపాలని, అందులో సూపర్‌వైజర్ కలం పెట్టకూడదని పట్టుబట్టాను. ఎందుకని చాలామంది అడిగారు. ఇదీ కారణం. ఆ తలుపు తెరిచింది నేను. కంది డెక్ మల్లేశం చేసిన పని.