కోటయ్య డాన్ కాలేకపోయిన వైనం

2002 వేసవిలో మార్టూరుకు దగ్గరలోని ఒక చిన్న పట్నానికి నన్ను ఎస్సైగా వేశారు. చేరగానే నా ముందుకొచ్చిన పనుల్లో కోటయ్య రౌడీషీటు ఒకటి. రౌడీషీటంటే శిక్ష కాదు. కొట్లాటల్లో మాటిమాటికీ పేరు వినబడే మనిషి మీద కన్నేసి ఉంచడానికి స్టేషన్లో పెట్టే రికార్డు. తెరవాలన్నా, మూయాలన్నా డీఎస్పీ గారి ఉత్తర్వు కావాలి. ఎస్సై సిఫారసు మాత్రమే చేయగలడు. షీటున్నవాళ్లు ఆదివారాలు స్టేషన్‌కు వచ్చి కనబడి వెళ్లాలి.

కోటయ్యకు నలభై దాటాయి. గుబురు మీసం, మైకు అక్కర్లేని గొంతు. ఎన్నికల గొడవల్లో షీటు పడింది గానీ, కొన్నేళ్లుగా కొత్త కేసేమీ లేదు. మార్టూరులో గ్రానైటు పాలిషింగ్ యూనిట్ యజమాని ఒకాయన వాచ్‌మన్‌గా పెట్టుకుంటానన్నాడట, ముందు షీటు మూయించుకుని రమ్మన్నాడట. కోటయ్య భార్య వచ్చి బతిమాలింది. విచారించి, మూసేయవచ్చని రాశాను. మనిషిని చూశాకే సంతకం పెడతానన్నారు డీఎస్పీ గారు.

ఆయన తనిఖీకి వచ్చిన ఆదివారమే స్టేషన్లో సినిమా చర్చ ముదిరింది. ఊళ్లో ఒక మాఫియా సినిమా ఆడుతోంది. రేవులో మూటలు మోసే కుర్రాడు ఒక్క పాట ముగిసేసరికి నగరాన్ని గుప్పిట్లో పెట్టుకుంటాడు. మా హెడ్ కానిస్టేబుల్ మస్తాన్ గారు రెండుసార్లు చూసొచ్చి, గుండె ఉన్నవాడు అలాగే ఎదుగుతాడని తేల్చారు. కోటయ్య దాన్ని వృత్తిపరమైన అవమానంగా తీసుకున్నాడు.

"ఒకణ్ణి కొడితే ఊరు వశమైపోద్దా హెడ్డు గారూ? నేనెంతమందిని కొట్టలేదు! మా వీధి కుళాయి దగ్గర ఈనాటికీ నన్ను ముందు బిందె పెట్టనివ్వరు."

"నీకు గుండె లేదులేరా," అన్నారు మస్తాన్ గారు.

దాంతో కోటయ్య లేచి, ఎలా ఎదగాలో విడమరచి చెప్పడం మొదలుపెట్టాడు. "ముందు మార్కెట్ యార్డులో హమాలీలు మన మాట వినాలి. మనం వద్దంటే బస్తా కదలకూడదు. అప్పుడు లారీలవాళ్లు మన దగ్గరికొస్తారు. వాళ్ల వెనక వ్యాపారస్తులొస్తారు. వాళ్లొచ్చాక నాయకులు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఏళ్లు పట్టుద్దండీ! పాటలో అవుద్దా?"

గుమ్మంలో డీఎస్పీ గారు నిలబడి ఉన్నారు. మేమంతా దిగ్గున లేచాం. కోటయ్య అటు వీపు పెట్టి ఉన్నాడు. తన వాదనకే లేచామనుకుని గొంతు ఇంకా పెంచాడు.

"ఇతని షీటేనా మూయమని రాశావు?" అన్నారాయన నాతో. "ప్లాను సిద్ధంగా ఉందిగదయ్యా!"

కోటయ్య వెనక్కి తిరిగి చూసి, చేతులు కట్టుకున్నాడు.

"ఇంత తెలిసినవాడివి, నువ్వెందుకు కాలేదు?" అని అడిగారు డీఎస్పీ గారు.

కోటయ్య తల దించుకున్నాడు. "మొదలైతే పెట్టానండి. హమాలీలను లొంగదీద్దామని మిర్చి యార్డుకెళ్లాను. నాకు ఆ ఘాటు పడదండి. ఒకణ్ణి పక్కకు పిలిచి 'ఒరేయ్' అన్నాను, తుమ్మొచ్చింది. మళ్లీ 'ఒరేయ్' అన్నాను, మళ్లీ వచ్చింది. చివరికి వాడే జాలిపడి తడిగుడ్డ ఇచ్చి, 'ఇంటికెళ్లన్నా' అన్నాడండి."

డీఎస్పీ గారు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. అటు చూస్తూనే, "పత్తి వైపు ప్రయత్నించలేదా?" అన్నారు.

"దూదీ పడదండి."

"మరి గ్రానైటు దుమ్ము?"

"నీళ్లు పోస్తూ కోస్తారండి, అంతగా లేవదు. కనుక్కునే ఒప్పుకున్నాను."

అయినా ఆయన మాట మీద వదిలేసే అధికారి కాదు. యార్డులో విచారించి రమ్మని నన్ను పంపారు. హమాలీల మేస్త్రీకి ఆ సంగతి బాగా గుర్తుంది. అభినయించి మరీ చూపించాడు. నా నివేదిక అందాక డీఎస్పీ గారు షీటు మూసేశారు. కోటయ్య ఉద్యోగంలో చేరాడు. మస్తాన్ గారు మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. రేవులో మిరపకాయలుండవు గనక హీరో ఎదుగుదల నిజమేనని వాదిస్తూనే రిటైరయ్యారు.

రౌడీషీటులో మనిషి చేసినవే రాసి ఉంటాయి. వాటిని బట్టి రేపు ఏం చేస్తాడో అంచనా కట్టడం మా పని. ఆ తర్వాత ఏ సిఫారసు రాయాల్సి వచ్చినా, ఆ మనిషి ఏం చేయలేడో కూడా విచారించి రాశాను. దానివల్ల నా అంచనాలు తక్కువసార్లు తప్పాయి.