ఎయిర్ పైపుకు కట్టిన చెప్పు

దాచేపల్లి బైపాసులో మెకానిక్ మహమూద్ కేకేస్తే, సున్నపురాయి క్వారీలో మందుగుండు పేల్చేవాళ్ళు తమకంటే ముందు ఎవరు పేల్చారా అని తలెత్తి చూస్తారు. మనిషి మాత్రం ఎండుమిరపకాయంత. సిమెంటు ట్రైలరు వచ్చి ఆగితే ఇంజను వంక చూడడు. క్యాబిన్‌కూ ట్రైలరుకూ మధ్య సందులో దూరి, బ్రేకులకు గాలి మోసే పైపులను పసిబిడ్డ పొట్ట తడిమినట్టు తడుముతాడు. సబ్బునీళ్ళు పూస్తాడు. గాలి కారి బుడగ లేచిందా, ఇక ఆ డ్రైవరు పని అయిపోయినట్టే. మొన్న డ్రైవరు ఫయాజ్ కొత్త బండిలో ఎయిర్ పైపుకు ఇనపతీగతో ఒక పాత చెప్పు వేలాడుతోంది.

"ఏందిరా ఇది?"

"దిష్టికి కట్టా మామూ. చానామంది కళ్ళున్నయ్ దీని మీద."

"కళ్ళు కాదురా, నీ తీగే కోస్తంది పైపుని! ఇది తెగితే ట్రైలరు బ్రేకులు నడిరోడ్డు మీద బిగుసుకుంటయ్. పిల్లల్నేసుకుని నీ వెనకాల బైకు మీద వచ్చేవాడికి దిష్టి ఎవడు తీస్తాడ్రా?"

ఫయాజ్ నవ్వబోయాడు. మహమూద్ సబ్బునీళ్ళు చల్లాడు. తీగ రాసుకున్నచోట బుడగ ఉబ్బి, పగిలి, మళ్ళీ ఉబ్బింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. మహమూద్ పైపు మార్చి, కింద రుద్దుకోకుండా స్ప్రింగుతో పైకి వేలాడదీశాడు. చెప్పును గుడ్డపీలికతో ముందు బంపరుకు కట్టాడు.

"దిష్టి ఎదురుగా వచ్చిద్దిరా, సందులోంచి కాదు. ఇంకోసారి పైపుకి కట్టావో, నీ మెళ్ళో కడతా!"

గురజాల దాటేదాకా ఆ తిట్లు వినపడ్డాయని ఫయాజే చెబుతాడు. దాటాక బండి ఆపి, దిగి, పైపు తడిమి చూసుకున్నాడట.