బావ ఆల్బమ్‌లో బాస్ గిటారు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఇయర్‌ఫోన్లకు ఇంకా వైర్లు వేలాడుతున్న రోజులు. నాలాంటి చెవులు రాజమండ్రి చుట్టుపక్కల ఇంకెవరికీ లేవని నాకు గట్టి నమ్మకం. మా బావ (అక్క భర్త) కడియంలో తన ఇంట్లోనే, రోడ్డు మీద నర్సరీ మొక్కల లారీ హారన్ కొట్టినప్పుడల్లా ఆగుతూ, ఆరు భక్తిపాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. కింద ‘బాస్ గిటారు’ అని రాసి పక్కన తన పేరే వేసుకున్నాడు. మా చర్చి పాటల బృందం, అదే క్వయర్, ప్రాక్టీసులో నేను ఓ పాట విని, అందరి ముందూ, "ఆ గుయ్యిమనే మోత విన్నారా? అలా మోగేది మన చర్చి గిటారొక్కటే. నా చెవి తప్పదు" అనేశాను.

ఆ ముక్క సాయంత్రానికల్లా సంఘ పెద్దలకు చేరింది. ఆ గిటారు మా సంఘంలోని టీచరమ్మగారి భర్తది; ఆయన పోయాక ఆయన జ్ఞాపకార్థం ఆవిడ చర్చికిచ్చిన కానుక. ప్రార్థన చేసి అప్పగించిన వస్తువు గేటు దాటకూడదన్నది మా సంఘంలో కట్టుబాటు. దాటించినవాడికి క్వయర్లో చోటుండదు. బావకేమో క్వయరంటే ప్రాణం. ఆ వారమంతా భోజనానికి వెళ్లినప్పుడల్లా అక్క నాకు అన్నమైతే పెట్టింది గానీ, కూర వేసుకోమని ఒక్కసారీ అనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక బావనూ నన్నూ ఉండమన్నారు. పెద్దలు వరసగా కూర్చున్నారు. చివరి కుర్చీలో టీచరమ్మగారు, ఒళ్లో బైబిలు సంచి. బావ నేలచూపులు చూస్తున్నాడు. పాస్టరుగారు ఫోను నా చేతిలో పెట్టి, "మళ్లీ విని చెప్పు బాబూ, తొందరేం లేదు" అన్నారు. విన్నాను. మోత ఉంది. కాదంటే బావ గట్టెక్కుతాడు, నా చెవి పరువు పోతుంది. (సిగ్గుతోనే చెబుతున్నాను, ఆ రెండింటినీ నిజంగానే బేరీజు వేశాను.) "అదేనండి" అన్నాను.

బావ లేచి నిలబడ్డాడు. "గిటారే లేదండి. మా ఇంట్లో కీబోర్డు మీద ఎడంచేత్తో వాయించానండి. గొప్పకి బాస్ గిటారని రాసుకున్నాను. చెప్పడానికి మొహం చెల్లలేదు."

"మరి ఆ మోత?" అన్నాను నేను, ఆశ చావక.

"అది మా ఫ్రిజ్జురా!"

పెద్దలు పడీపడీ నవ్వారు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. టీచరమ్మగారొక్కరే నవ్వలేదు. "అయితే అది ఆయన గిటారు కాదా బాబూ?" అన్నారు మెల్లిగా బావతో. "వారం నుంచీ రోజూ పొద్దున్నే పెట్టుకుని వింటున్నాను. ఆయన గిటారు ఊరంతా వింటున్నారు కదా అని."

నవ్వులు ఆగిపోయాయి. పాస్టరుగారు తనే గిటారు తెచ్చి, ఇచ్చినావిడ ఇంటికే కాబట్టి ఈసారికి గేటు దాటొచ్చంటూ బావ చేతికిచ్చారు. ఆ నెలలోనే బావ ఆ పాటను టీచరమ్మగారింటి హాల్లో మళ్లీ రికార్డు చేశాడు. పాత పాటనూ కొత్తదాన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎన్నిసార్లు విన్నానో! మోత తగ్గిందే తప్ప, ఏది కీబోర్డో ఏది గిటారో, నా మీద ఒట్టు, నాకేమీ తెలియలేదు.

"తేడా తెలుస్తోందా బాబూ?" అని అడిగారావిడ.

"చాలా స్పష్టంగా తెలుస్తోందండి" అన్నాను. చెవుల గురించి నేను కొట్టిన గొప్పల్లో ఇప్పటికీ సిగ్గుపడనిది ఆ ఒక్కటే.